మాణయ్య ఉంచమన్న చప్పుడు

ఆ పనిలో నేను రెండు తప్పులు చేశాను. ఒకటి పానాతో, రెండోది నోటితో. మొదటిదాన్ని సరిచేయడానికి కొత్త వాల్వు దొరికింది. రెండోదాని గురించే ఇది రాస్తున్నాను.

కరోనా తగ్గిన మరుసటి ఏడు, ఎండలు ముదురుతున్న రోజులు. వికారాబాద్ స్టేషన్ రోడ్డులో నాకొక షెడ్డు ఉంది. ముప్ఫై ఏళ్లుగా జీపులు, ట్రాక్టర్లు, క్వారీ కంప్రెషర్లు బాగుచేస్తున్నాను. తాండూరులో నాపరాయి పాలిషింగ్ యూనిట్ నడిపే బస్వరాజ్ సేట్ తన పాత కారు పంపించారు. ఎప్పుడో విదేశంలో తయారై, చేతులు మారి, వాళ్ల నాన్న దగ్గరికి చేరిన సూపర్‌చార్జర్ బండి. దాన్ని తెచ్చింది డ్రైవర్ మాణయ్య. డెబ్బై దాటిన మనిషి. నలభై ఏళ్లుగా ఆ బండి తాళంచెవి ఆయన జేబులోనే ఉంటోంది.

మామూలు ఇంజిన్ తనకు కావలసిన గాలిని తానే పీల్చుకుంటుంది. సూపర్‌చార్జర్ అనే పంపు ఉంటే, అది గాలిని బలవంతంగా లోపలికి కూరుతుంది. బలం పెరుగుతుంది, దానితో పాటు వేడీ పెరుగుతుంది. కాలిన పొగను బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వు ఆ వేడికి సాగుతుంది. అందుకే దాని నెత్తిన కొద్దిగా సందు వదలాలి. దాన్ని ట్యాపెట్ గ్యాప్ అంటాం. ఆ సందు వల్లే ఇంజిన్ టికటికమంటుంది.

సేట్‌కు ఆ చప్పుడు నచ్చలేదు. వచ్చే వారం చుట్టాలను అనంతగిరి కొండమీదికి ఘాటు రోడ్డులో ఎక్కించాలి, ఆలోగా అది పోవాలని ఫోన్‌లో చెప్పారు. నా షెడ్డుకు వచ్చేవాళ్లంతా అంతే. ఇంజిన్ ఎంత మెత్తగా తిరిగితే అంత మంచి పని అనుకుంటారు. నేనూ అలాగే అలవాటుపడ్డాను.

మాణయ్య మాత్రం నా పక్కన కూర్చుని మెల్లగా చెప్పాడు. “ఉస్తాద్, జర ఇను. గా చప్పుడు ఉండనీ. చల్లగున్నప్పుడు చప్పుడు బందైతె, వేడి మీద వాల్వు మూసుకోదు. కాలిపోతది.”

కళ్లద్దాల డబ్బాలోంచి సన్నటి రేకు ముక్క తీసి చూపించాడు. తనకు పని నేర్పిన మేస్త్రీ, ఎగ్జాస్ట్ గ్యాపు ఎంత ఉండాలో చూసుకోవడానికి కోసి ఇచ్చాడట. ఎగతాళిగా దాని మందం కొలిచాను. నేను పెట్టబోయేదానికి దాదాపు రెట్టింపు ఉంది.

“నువ్వు స్టీరింగ్ సూస్కో పెద్దమనిషీ. పానా నాకు ఇడ్సిపెట్టు” అన్నాను.

ఆ బండిలో వాల్వుల దాకా చేరడమే ఒక పని. పంపు నుంచి వచ్చే లావుపాటి గొట్టం వాల్వు కవర్ మీదుగా పోతుంది. కార్బురేటర్, గొట్టం, గ్యాస్కెట్లు అన్నీ విప్పితేగాని కవర్ రాదు. ఎనిమిది వాల్వుల గ్యాపూ తగ్గించి బిగించి, చప్పుడు పోగొట్టి, అన్నీ మళ్లీ కట్టేశాను. ఇంజిన్ వేడెక్కాక ఇంకోసారి విప్పి గ్యాపు చూడాలని తెలుసు. బద్ధకించాను.

వారానికి కారు లారీ వెనక తాడుతో వచ్చింది. మాణయ్య నడుపుతుండగా ఘాటు రెండో మలుపులోనే లాగడం మానేసిందట. హెడ్డు విప్పితే, మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు అంచు ఎవరో కొరికినట్టు కాలిపోయి ఉంది. అది ఎందుకు కాలిందో నాకు తెలుసు. పక్కన నిలబడ్డ మాణయ్యకూ తెలుసు.

అప్పుడే సేట్ ఫోన్ చేశారు. నా నోటినుంచి ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. “బండి పాతది సేట్. ఘాటుల గేరు సూస్కొని ఎక్కియ్యాలె. మస్తు గుంజిండ్రు.”

మాణయ్య నా ముఖంలోకి చూసి, “గట్లనా ఉస్తాద్” అని బస్టాండు వైపు నడిచాడు.

కొత్త వాల్వు వచ్చాక గ్యాపు రేకు ముక్క మందంతోనే పెట్టాను. ఆయన మాట నిజమని చేతులు ఒప్పుకున్నాయి, నోరు ఒప్పుకోలేదు. కారు తీసుకుపోవడానికి ఇంకో డ్రైవర్ వచ్చాడు. మాణయ్యను బండి ముట్టొద్దన్నారని, ఇప్పుడు యూనిట్ గేటు దగ్గర లారీల చిట్టీలు చూస్తున్నాడని చెప్పాడు.

మర్నాడు కాలిన వాల్వును సంచిలో వేసుకుని తాండూరు రైలెక్కాను. గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో మాణయ్య ఉన్నాడు. కనుబొమల మీద రాతిపొడి. లోపలికి రమ్మంటే, అయిపోయినదానికి పంచాయితీ ఎందుకన్నాడు. చెయ్యి పట్టుకుని తీసుకుపోయాను.

వాల్వును సేట్ టేబుల్ మీద పెట్టాను. “ఇది కాలింది నా పనితోటి సేట్. మాణయ్య ముందే చెప్పిండు, నేను ఇనలే. తప్పు ఆయన మీదికి తోసి మీకు అబద్ధం చెప్పిన.”

సేట్ వాల్వును చేతిలోకి తీసుకుని కాలిన అంచు తడిమి, “నువ్వన్నా చెప్పొద్దా?” అని మాణయ్యను అడిగారు.

“ఉస్తాద్ చెప్పినంక డ్రైవర్ మాట ఎవరింటరు సేట్?”

సేట్ గోడ మేకుకు వేలాడుతున్న కారు తాళంచెవి తీసి ఆయన చేతికిచ్చారు.

మాణయ్య ఇంజిన్ వేడెక్కేదాకా ఊరి బయటికి తిప్పుకొచ్చాడు. యూనిట్ వాకిట్లోనే గొట్టం విప్పాం. వేళ్లు చుర్రుమంటుంటే నేను నట్టు పట్టుకున్నాను, ఆయన ఒక్కో వాల్వూ కొలిచాడు. రెండు వాల్వులు సరిచేయించాడు. పని అయ్యాక మాఫ్ చెయ్యమన్నాను. “చేతులు కడుక్కో. తిని పోదువు” అన్నాడు. మాఫ్ చేశానని మాత్రం అనలేదు. నేనూ మళ్లీ అడగలేదు.

ఇప్పుడు యజమానికి ఫోన్ చేయాల్సి వస్తే డ్రైవర్‌ను పక్కన కూర్చోబెట్టుకుంటాను, స్పీకర్ పెడతాను. బండికి ఏమైందో ముందు ఆయన్నే చెప్పమంటాను. కొందరు మొహమాటపడతారు. వాళ్లు మాట్లాడేదాకా నేను నోరు విప్పను.