మూడో ముడి పడేదాకా

మా బావ సీమోను మొండివాడు. అక్క మొగుడు కాబట్టి మర్యాదగా చెబుతున్నాను, లేకపోతే ఇంకో మాట వాడేవాణ్ణి.

బాప్టిస్టు చర్చిలో కీర్తనలకు క్లారినెట్ ఊదుతూ మొదలుపెట్టాడు. తర్వాత విశాఖలో ఒక హోటల్లో పన్నెండేళ్ళు సాక్సోఫోన్ మీద జాజ్ వాయించాడు. వాళ్ళు బ్యాండు తీసేసి స్పీకర్లు పెట్టుకున్నాక శ్రీకాకుళం వచ్చి మా పెళ్ళి బ్యాండులో చేరాడు. డ్రమ్ము నాది. బావ సినిమా పాట ఎత్తుకుంటే రెండో చరణానికల్లా అది ఏ దారిన పోతోందో నాకే తెలిసేది కాదు. "ఒరే శాంతీ, నువ్వు దెబ్బ తప్పకు, నాను తిరిగొస్తాను" అనేవాడు.

పోయిన మాఘమాసంలో ఆయన పైపన్ను కదలడం మొదలైంది. సాక్సోఫోన్ మూతి ఆనేది సరిగ్గా ఆ పన్ను మీదే. డాక్టరు తీసేయాలన్నాడు.

"తీసీస్తే నా సౌండు పోతాది. సౌండు పోతే నానేటి?" అన్నాడు బావ. మా అక్క ప్రిస్కిల్లా బతిమాలింది, తిట్టింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

ఆ నెలలోనే అరసవల్లిలో పెళ్ళి. సన్నాయి ఆయనకు జ్వరం వచ్చి, గట్టిమేళం మా మీద పడింది. తాళి కట్టేటప్పుడు తుమ్ము గానీ చెడ్డమాట గానీ చెవిన పడకూడదని మేళం హోరెత్తిస్తారు. మూడు ముళ్ళూ పడేదాకా ఆగకూడదు, ఆగితే అపశకునం. మామూలుగా నిమిషం పని.

పంతులు చెయ్యెత్తాడు. బావ అందుకున్నాడు. పెళ్ళికొడుకు వేసిన మొదటి ముడి జారిపోయింది. మళ్ళీ వేశాడు. రెండో ముడికి పసుపుతాడు చిక్కుపడింది. పెళ్ళికూతురి తండ్రి మావైపు తిరిగి "ఆపకండర్రా!" అని చేతులు ఊపుతున్నాడు. బావ ముఖం చూశాను. పెదవి పక్కనుంచి నెత్తురు గడ్డం మీదికి దిగుతోంది. ఓరి దేవుడా! "ఆపీ బావా!" అని అరిచాను. ఆ హోరులో నా అరుపు నాకే వినబడలేదు.

పన్ను ఊడింది. స్వరం చీలిపోయింది. దాన్ని నిటారుగా పట్టలేక వణికించాడు, కిందికి జార్చాడు, మళ్ళీ పైకి లాగాడు. హోటల్లో ఊదినట్టు ఊదేశాడు. మూడో ముడి పడింది.

పెళ్ళికూతురి నాయనమ్మ సుభద్రమ్మ మా దగ్గరికొచ్చి, "బాగా ఊదినావు నాయినా! అదేటి పాట?" అంది. బావ నోరు తెరవలేక తలూపాడు. అప్పటికే జనం భోజనాలకు లేచారు. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు.

పుండు మానాక కట్టుడు పన్ను పెట్టించాం. మొదటిరోజు ఊదితే గాలి వచ్చింది, తర్వాత కీచుమంది, ఆ తర్వాత ఎవరిదో పరాయి గొంతు వచ్చింది. బావ సాక్సోఫోన్ ఒళ్ళో పెట్టుకుని, "ఇది నాది కాదురా" అన్నాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి.

కాసేపటికి మళ్ళీ నోట పెట్టుకున్నాడు. ఒకటే స్వరం. మళ్ళీ అదే. అక్క అన్నం వడ్డించి రెండుసార్లు పిలిచింది. ఆయన లేవలేదు.