ఎవరి క్వార్టర్ వాళ్లదే

హథ్‌ఖోజ్‌ పారిశ్రామికవాడలోని గేర్‌బాక్సుల కార్ఖానాలో డేటా పని డోర్కాస్‌ది. ఏ విడిభాగం దేనితో కలుస్తుందో చెప్పే జాబితాను, కంప్యూటర్లు చదువుకునే ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా కొనేవారికి పంపాలి. వాళ్ల కంప్యూటర్ దాన్ని రెండుసార్లు తిప్పికొట్టింది. ఇంకోసారి తప్పితే ఆర్డరు పోతుంది.

"ఏటమ్మా, మళ్లీ వాపసొచ్చీసిందా?" యజమాని సత్యరాజు తెర మీదికి వంగాడు.

"ఇదిగో, ఈ బేరింగు ఒక్కటే అన్ని గేర్‌బాక్సులకీ చుట్టం అంకుల్. మన సాఫ్ట్‌వేరు దాన్ని మొదటిదాని లోపల రాసీస్తంది. విడిగా కనపడక ఆళ్ల కంప్యూటర్ గోల."

డోర్కాస్ మరోదాలోని ఉక్కు కార్మికుల క్వార్టర్లలో పెరిగింది. అక్కడ ప్రతి ఇంటికీ తన నంబరు, తన గుమ్మం, తన పెరడు. ఒకదానిలో ఒకటి రాయొద్దని సాఫ్ట్‌వేరుకు నియమం పెట్టింది. ప్రతి భాగమూ విడిగా నిలిచింది. మిగతావి దాన్ని నంబరుతో పిలిచాయి.

"ఇప్పుడు ఎవరి క్వార్టర్ ఆళ్లదే. పంపీసేను."

"పక్కాయేనా?"

"పక్కా. చాయ్ చెప్పండి."

చాయ్ మీద ఆవిరి ఇంకా తేలుతుండగానే కొనేవారి నుంచి కబురొచ్చింది: ఫైలు తీసుకున్నాం.