బంతి అడిగేవాడు

వంశీధర్‌కు నిలకడ లేదని తెలుసుకోవడానికి జాతకం చూడనక్కర్లేదు, అతనితో ఒక్కసారి బస్సెక్కితే చాలు. చార్మినార్ దగ్గర ట్రాఫిక్‌లో బస్సు ఆగిందంటే దిగి నడక మొదలుపెడతాడు. చెమటలు కక్కుతూ శాలిబండ చేరేలోపు అదే బస్సు అతని పక్కనుంచే దర్జాగా వెళ్ళిపోతుంది. బుద్ధి వచ్చిందా అంటే, మర్నాడు మళ్ళీ దిగుతాడు. 'ఆలస్యం అమృతం విషం' అన్న మాట పెద్దలు తనను దృష్టిలో పెట్టుకునే అన్నారని అతని గట్టి నమ్మకం. కరెంటాఫీసులో గుమాస్తా పని మీద తెనాలి నుంచి వచ్చి ఛత్రినాకలో మేడ మీద వాటా అద్దెకు తీసుకున్నప్పటి నుంచీ ఆ ఇంట్లో మంచం ఎన్ని దిక్కులకు తిరిగిందో అతని భార్య హరిప్రియకే తెలుసు. "గోడలు కదలవు కాబట్టి సరిపోయింది" అంటుంది ఆవిడ.

అలాంటి మనిషికి పోయి పోయి ఫుట్‌బాల్ మేనేజర్ ఆట అంటుకుంది. కంప్యూటర్లు అప్పుడప్పుడే మధ్యతరగతి ఇళ్ళలోకి వస్తున్న కాలం. కోఠిలో ఫుట్‌పాత్ మీద ఆ సీడీ దొరికింది. ఆ ఆటలో మనం బంతిని తన్నం. ఒక జట్టుకు మేనేజర్‌గా ఉండి ఎవరిని ఆడించాలో, ఎవరిని కొనాలో, ఎవరిని అమ్మాలో, బంతిని ఎలా నడిపించాలో చెప్తాం. చెప్పాక చేతులు కట్టుకుని, తెర మీద చుక్కలు పరుగెత్తుతుంటే చూస్తూ కూర్చోవాలి. ఆ చేతులు కట్టుకోవడం ఒక్కటే వంశీధర్‌కు రాని విద్య. గోలు పడితే ఎత్తుగడ మార్చేవాడు, పడకపోయినా మార్చేవాడు. పాపం ఆ ఆటగాళ్ళకు తాము ముందుకు పోవాలో వెనక్కి రావాలో తెలిసేది కాదు. ఏడాది తిరక్కుండా మేనేజర్ ఉద్యోగం ఊడింది. ఆటలోనే లెండి. ఇంకో జట్టును పట్టుకుని మళ్ళీ మొదలుపెట్టాడు.

ఎదురింటి ఇశ్రాయేలు రైల్వేలో గ్యాంగ్‌మన్. యాకుత్‌పురా వైపు పట్టాలు చూసుకునే పని. వయసులో ఉన్నప్పుడు డిపార్టుమెంటు జట్టుకు ఫుట్‌బాల్ ఆడినవాడు. ఒక సాయంత్రం కరెంటు బిల్లు సంగతి అడగడానికి మేడెక్కి, తెర మీద ఆట చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"గిదేంది తమ్మీ? మనోళ్ళకు బాల్ దొరుకుడే ఆలస్యం, అవుతలోళ్ళకు పంచిపెడుతున్నరు. ఏమన్న దావతా?"

"దూరంగా కొడితేనే కదన్నా త్వరగా గోలు దగ్గరికి వెళ్ళేది?"

"ఎందుకంత తొందర? బాల్ మనతాన ఉంటే వాళ్ళు గోలెట్ల గొడ్తరు? పక్కనోనికి చిన్నగ ఇయ్యి, మల్ల తీస్కో. వాళ్ళను ఉరకనీ. ఫికర్ జెయ్యకు."

ఆ రోజు నుంచి జట్టుకు ఇద్దరు మేనేజర్లయ్యారు. ఇశ్రాయేలు డ్యూటీ దిగి, స్నానం చేసి వచ్చేవాడు. అతను చెప్పేవాడు, వంశీధర్ మీటలు నొక్కేవాడు. పొట్టి పాసులు, నిదానమైన ఆట, మధ్యలో ముగ్గురు. ఇలాంటి ఆట జట్టుకు ఒంటబట్టడానికి వారాలు పడుతుంది. ఆ వారాలన్నీ వరసగా ఓడిపోయారు. వంశీధర్ కాలు కాలిన పిల్లిలా గదంతా తిరిగేవాడు. అతని చెయ్యి మౌస్ వైపు పోయినప్పుడల్లా ఇశ్రాయేలు దాన్ని పట్టుకుని, "ఆగు తమ్మీ, నేర్చుకుంటున్నరు" అనేవాడు.

ఆ ఆటంతటికీ ఇరుసు పీటర్ డాసన్ అని ముప్పై నాలుగేళ్ళ ఆటగాడు. పరుగులో జట్టు మొత్తానికీ ఆఖరివాడు. వాడే కావాలని పట్టుబట్టాడు ఇశ్రాయేలు.

"పాసులు ఇచ్చేటోళ్ళు మస్తుమంది దొరుకుతరు. అడిగేటోడు గావాలె. ఒకడు బాల్ పట్టుకొని ఎటూ తోచక నిలబడ్డప్పుడు, పక్కకొచ్చి 'నాకియ్యి, నేనున్న' అనేటోడు. గట్లాంటోడు ఒక్కడుంటే తతిమ్మోళ్ళకు భయం పోతది."

చలికాలం వచ్చేసరికి జట్టు రెండో స్థానానికి ఎగబాకింది. ఆ ఏడాది మొదటి రెండు స్థానాలవాళ్ళు పై డివిజన్‌కు వెళ్తారు. ఇద్దరికీ నిద్రలో కూడా అదే ధ్యాస. ఒక మ్యాచ్ మొత్తం వంశీధర్ కుర్చీలోంచి లేవకుండా చూశాడు. ఒంట్లో బాగుందా అని హరిప్రియ నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

అంతా సవ్యంగా ఉంటే అతను వంశీధర్ ఎందుకవుతాడు? ఒక శుక్రవారం ఆఫీసు నుంచి వచ్చి, ఇశ్రాయేలు కోసం కాసేపు ఆగుదామనుకుని ఆగలేకపోయాడు. పీటర్‌ను కొంటామని వేరే జట్టు అడిగింది. మంచి ధర. అదే డబ్బుకి పందొమ్మిదేళ్ళ కుర్రాడొకడు దొరుకుతున్నాడు, గుర్రంలా పరుగెత్తుతాడు. వంశీధర్ మారుబేరం కూడా ఆడకుండా ఇతన్ని అమ్మేసి అతన్ని కొనేశాడు.

ఆ సాయంత్రం ఇశ్రాయేలుకు మేడ మెట్లెక్కడానికి చాలాసేపు పట్టింది. వంశీధర్ అది గమనించే స్థితిలో లేడు. ఇశ్రాయేలు కూర్చుని జట్టు పేర్లు చూశాడు.

"పీటరేడి?"

"అమ్మేశానన్నా! ముప్పై నాలుగేళ్ళు, కాళ్ళైపోయాయి. ఇంకా వాణ్ణి పెట్టుకుని ఏం చేస్తాం? ఈ కుర్రాణ్ణి చూడు."

ఇశ్రాయేలు చూడలేదు. హరిప్రియ ఇచ్చిన టీ తాగకుండానే లేచి, గోడ పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు.

జట్టు మాత్రం అదే ఎత్తుగడతో ఆడింది. బంతి ఎప్పటిలాగే ఎక్కువసేపు వీళ్ళ దగ్గరే ఉంది. కాకపోతే వెనక నలుగురూ ఒకరికొకరు ఇచ్చుకుంటూ అక్కడక్కడే తిరిగారు. కొత్త కుర్రాడు గాలిలా ముందుకు పరుగెత్తేవాడు, కష్టంలో ఉన్నవాడి పక్కకు మాత్రం వచ్చేవాడు కాదు. మళ్ళీ ఓటములు. వంశీధర్ ఎత్తుగడ మార్చాడు, మనుషుల్ని మార్చాడు, మంచం దిక్కు కూడా మార్చాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు పీటర్‌ను తిరిగి కొనబోయాడు. మీ జట్టుకు రానని పీటర్ మొహం మీదే చెప్పాడు. అన్నం సయించలేదు. ఒక కంప్యూటర్ బొమ్మ కోసం ఇంత అలకా అని ఇశ్రాయేలు మీద కోపం, అతను రాని సాయంత్రాలు గడవడం లేదని తన మీద తనకే కోపం.

"అంత ఉడికిపోతుంటే ఎదురింటికి వెళ్ళి అడగొచ్చు కదండీ. వీధి దాటితే సరిపోతుంది" అంది హరిప్రియ.

మరుసటి వారం ఆదివారం వీధి దాటాడు. ఇశ్రాయేలు భార్య మాణిక్యమ్మ తలుపు తీసింది.

"ఇంట్ల లేడయ్యా, టేషన్ల ఉన్నడు. ఇగ లైను మీదికి పోయేది లేదు. మోకాళ్ళు అరిగినయని డాక్టర్లు తేల్చిర్రు, ఆఫీసుకాడ కూసునే పని ఇచ్చిర్రు. గా శుక్రారం కాయితం చేతికొచ్చింది. అన్నం గూడ ముట్టలే. వంశీ తానకు పొయ్యొస్తె జర మనసు తేలికైతదని మీ ఇంటికే వచ్చిండు."

కాళ్ళైపోయాయి అన్న తన మాట వంశీధర్‌కు చెవిలో గట్టిగా వినిపించింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. యాకుత్‌పురా స్టేషన్ దాకా దాదాపు పరుగెత్తాడు, దారంతా క్షమాపణలు కూర్చుకుంటూ.

ఆఫీసు గది బయట స్టూలు మీద ఇశ్రాయేలు కూర్చుని ఉన్నాడు. ఉతికిన చొక్కా, నూనె రాసి దువ్విన తల. పని చేసే చోట అతన్ని మట్టంటకుండా అంత శుభ్రంగా చూడటం వంశీధర్‌కు బాగా అనిపించలేదు.

"అన్నా, ఆ రోజు నాకు తెలీదన్నా..."

"నీకు తెల్వదని నాకెర్కే. వీళ్ళది గూడ తప్పు లేదు, రూలు అట్లున్నది. మోకాళ్ళు నావి, అరిగింది నావే." పట్టాల వైపు చూశాడు. "గని ఇరవయ్యేండ్లు తిరిగిన పట్టాలు తమ్మీ. ఏమంటవ్ ఇశ్రాయేలూ అని ఒక్కమాట అడుగుతరేమో అనుకున్న. సంతకం ఒక్కటే అడిగిర్రు. నీ తానకొస్తే నువ్వు గూడ నన్ను అడగకనే అమ్మితివి."

కూర్చుకున్న క్షమాపణలు పక్కన పెట్టి, వంశీధర్ స్టూలు పక్కనే గచ్చు మీద కూర్చున్నాడు.

"ఇప్పుడు అడుగుతున్నానన్నా. నాకేం తోచట్లేదు. నువ్వు రావాలి."

లోకల్ రైలొకటి వచ్చి, జనాన్ని దింపి, ఫలక్‌నుమా వైపు వెళ్ళిపోయింది. ఇశ్రాయేలు అది కనపడినంతసేపూ చూశాడు. వంశీధర్ చేతులు కట్టుకున్నాడు, రెట్టించలేదు.

"వస్త తియ్యి. గని ఒక్కమాట" అన్నాడు ఇశ్రాయేలు చివరికి. "నా మనసు సల్లవడాలని ఆ పోరగాన్ని అమ్మెయ్యకు. పందొమ్మిదేండ్లోడు, వాడేం పాపం జేసిండు? బాల్ ఎట్లడగాల్నో వానికి ఎవ్వరు చెప్పలే, గంతే. జర ఓపికవడ్తె నేర్చుకుంటడు."

వంశీధర్ ఆ పొద్దున్నే ఆ కుర్రాణ్ణి అమ్మకానికి పెట్టి వచ్చాడు. తల దించుకుని, "సరే అన్నా" అన్నాడు.