తెప్ప మనిషి విమానమెక్కితే

పోర్టులో మూటలు మోశాను, ఉక్కు ఫ్యాక్టరీ కట్టేటప్పుడు ఇనుము మోశాను. పుట్టి పెరిగింది మాత్రం భీమిలిలో, చేపల తెప్ప మీద. ఎనభైల చివర్లో విమానాశ్రయంలో కూలిపనికి కుదిరాను. ఒకరోజు, చేపల గుంపులను పైనుంచి వెతికే చిన్న విమానం వచ్చింది. సముద్రం తెలిసినవాడు కావాలని పైలట్ నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

పైకి వెళ్లాక కిందికి చూశాను. చిన్నప్పటి నుంచీ నేను భయపడిన కెరటాలు చీర కుచ్చిళ్లలా మెత్తగా ఉన్నాయి. మా బావ తెప్ప చింతగింజంత. దాని పక్కన నీళ్లలో నల్లటి నీడ ఒకటి నిద్రలోలా కదులుతోంది. బాగా చూడాలని బెల్టు విప్పేశాను.

"సేపలు బాబూ, అవిగో సేపలు!"

పైలట్ విమానాన్ని నా వైపు వంచాడు. తెప్ప ఒరిగితే ఎదురు పక్కకి దూకడం మా ఒంటికి అలవాటు. దూకాను. అతని ఒళ్లో పడ్డాను. విమానం జారిపోయింది, సముద్రం మా మీదికి లేచి వచ్చింది.

"లేవయ్యా, ఇది తెప్ప కాదు!" అని అరుస్తూ నన్ను మోచేత్తో నెట్టి, అతను ఎలాగో విమానాన్ని పైకి లేపాడు.

ఇప్పటికీ సింహాచలం కొండ మలుపుల్లో బస్సు ఒరిగితే నేను ఎదురు పక్కకే వాలతాను. "సక్కగా కూకో, ఏటా వాలడం?" అని మా ఆవిడ విసుక్కుంటుంది. ఆ బస్సు ఇన్నాళ్లూ బోల్తా పడకుండా ఎవరు కాస్తున్నారో ఆవిడకేం తెలుసు!