రెండు రౌటర్లు, ఇద్దరు తోడికోడళ్లు

మిర్యాలగూడలో మా ఇంటికి ఏ వస్తువైనా జంటగా దిగే రోజులవి. పెద్దమ్మకు చీర కొంటే అమ్మకూ అదే నేత, అదే అంచు. ముందు వాటాలో పెద్దమ్మకు మిక్సీ వస్తే వెనక వాటాలో అమ్మకూ అదే మిక్సీ, అదే రంగు. (రంగు కాస్త తేడా వచ్చిన ఒక కుక్కర్ గురించి మాత్రం అడక్కండి.) అలాంటి ఇంట్లో పెరిగినవాణ్ణి, పైగా అప్పుడే ఇంజనీరింగ్ పాసై నా అంతటివాడు లేడని తిరుగుతున్నవాణ్ణి. వెనక వాటాకు వైఫై అందడం లేదంటే, ముందు వాటాలో ఉన్న రౌటర్ లాంటిదే ఇంకొకటి తెచ్చి, మధ్యలో వైరు లాగి, కొన్నది కొన్నట్టే బిగించాను. తేడా చేయలేదని అందరూ నన్ను మెచ్చుకున్నారు కూడా.

అసలు ఆ తొందరంతా నాయనమ్మ కోసం. తుంటి ఎముక విరిగి ఆమె వెనక గదిలో మంచం పట్టింది. మర్నాడే సూర్యాపేటలో పెద్దమ్మ కూతురు, అంటే మా అక్క, బిడ్డను తొట్టెల్లో వేస్తోంది. మా ఇళ్లలో పసిబిడ్డ చెవిలో మొదట పేరు చెప్పేది తల్లి పుట్టింటి పెద్ద. అప్పటిదాకా ఆ పేరు ఇంకెవరికీ తెలియకూడదు. నాయనమ్మ కదలలేదు, పేరు విప్పదు; ఆమెను వదిలి పెద్దమ్మా అమ్మా కూడా పోలేరు. ఇక మిగిలింది వీడియో కాల్ ఒక్కటే. ఆ గదివి రాతి గోడలు, ఫోన్ సిగ్నల్ కూడా దూరదు.

తెల్లవారి ఫోన్ తెరిస్తే వైఫై గీతలు నిండుగా ఉన్నాయి, ఇంటర్నెట్ మాత్రం లేదు. రౌటర్లను ఆపి మళ్లీ వేశాను, వైర్లు పీకి మళ్లీ పెట్టాను, తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను. ముందు వాటాలో అప్పటిదాకా నడిచింది కూడా ఆగిపోయింది.

"ముహూర్తం దాటిపోతాంది. నీ సదువు గిందుకేనారా?" అంది పెద్దమ్మ.

"వాడు జేస్తనే ఉన్నడు గదక్కా, జర ఆగు" అంది అమ్మ. ఆమెకు నాకంటే ఎక్కువ చెమటలు పడుతున్నాయి.

నాయనమ్మ ఉతికిన చీర కట్టించుకుని, నా చేతిలోని ఫోన్ వైపే చూస్తోంది. ఆ చూపుకు నాకు ఏడుపొచ్చినంత పనైంది.

చివరికి ఒక్కోదాన్ని విడిగా తెరిచి సెట్టింగులు చూస్తే తెలిసింది. రెండింటికీ ఒకటే నంబరు, అంటే నెట్‌వర్క్‌లో వాటి చిరునామా. ఇంట్లో ఫోన్లకు నంబర్లు పంచేది నేనే, బయటికి దారి చూపేది నేనే అని రెండూ పెత్తనం చేస్తున్నాయి. వెనకదానికి సొంతంగా బయటికి దారే లేదు.

"వెనకదాని నంబరు మార్చి, పంచే పని మాన్పియ్యాలె. అది ముందుదాని కింద పడి ఉండాలె" అన్నాను నసుగుతూ. అమ్మ పెద్దమ్మ వైపు చూసింది. పెద్దమ్మ గోడ వైపు చూసింది.

"నేను తగ్గి ఉంటలేనా గీ ఇంట్ల? డబ్బా తగ్గితే ఏమైతది? తగ్గియ్‌రా" అంది అమ్మ.

"అబ్బో, నువ్వెప్పుడు తగ్గినవే?" అంటూనే పెద్దమ్మ నవ్వేసింది.

తగ్గించాను. కాల్ కలిసింది. సూర్యాపేటలో అక్క ఫోన్‌ను బిడ్డ చెవి దగ్గర పెట్టింది. నాయనమ్మ ఫోన్‌ను నోటి దగ్గరికి లాక్కుని, కొంగు చాటున పెదాలు కదిపింది. మంచం పక్కనే నిలబడ్డ మా ముగ్గురికీ ఒక్క అక్షరం వినపడలేదు. మరుక్షణం అటు నుంచి, ఆడవాళ్ల పాటల మధ్య నుంచి, అక్క కేక వినిపించింది: "సుగుణ! సుగుణ అంట!" చెయ్యి చాపితే అందే దూరంలో పుట్టిన మాట సూర్యాపేట దాకా వెళ్లి మా చెవికి తిరిగొచ్చింది.

"నా మాట గీ డబ్బాలకెల్లే పోయిందారా?" అని నాయనమ్మ అడిగింది.

"అవును నాయనమ్మా" అన్నాను, నేనే నమ్మలేక.

ఇప్పుడు హైదరాబాద్‌లో నెట్‌వర్కులు కలపడమే నా ఉద్యోగం. ఆ మాట ఎటు నుంచి ఎటు పోయిందో బొమ్మ గీసి మరీ చెప్పగలను. అయినా వైరు ముక్క చేతిలో పట్టుకుని, నోరు తెరుచుకుని ఆ మంచం పక్కన నిలబడ్డ కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. ఇప్పుడు నా నోరు అలా తెరుచుకోదు కాబట్టి, వాడంటే కాస్త కుళ్లు కూడా.