గుండిగలో జిన్ను

నా చిన్నప్పుడు ముత్తుకూరులో మా తాతయ్య ఇత్తడి పాత్రలకు కళాయి వేసేవాడు. ఇప్పుడా వీధిలో పోర్టు లారీలు తిరుగుతున్నాయి. కళాయి అంటే ఏమిటని నా మనవరాలు అడుగుతుంది. లోపల తగరం పూత లేకపోతే ఇత్తడి గిన్నెలో పులుసు చిలుమెక్కి పాడవుతుందమ్మా అంటే, స్టీలుది కొనుక్కోవచ్చుగా అంటుంది. దాని తెలివి దానిది.

పూత పట్టాలంటే ముందు పాత్ర శుభ్రంగా ఉండాలి. పెళ్లి వంటలకు వాడే పెద్ద గుండిగైతే ఇసుక, చింతపండు వేసి, మనమే లోపలికి దిగి, గోడ పట్టుకుని పాదాలతో గిరగిరా తిరుగుతూ తోమాలి. ఏడేళ్లప్పటి నుంచి ఆ పని నాది. నాకది పని కాదు, ఆట. నా తొమ్మిదో ఏట వేసవిలో మా చిన్నాయనకు చిట్టమూరు పిల్లతో పెళ్లయింది. చిన్నమ్మ వచ్చిన మూడో రోజే నా గుండిగలోకి దిగింది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ వారంలోనే వింత మొదలైంది. చిన్నమ్మ పొద్దున తోమి ఎండబెట్టిన గుండిగను తాతయ్య సాయంత్రం కొలిమి మీద పెట్టి తగరం రుద్దితే, అడుగున కొన్నిచోట్ల అంటుకునేది కాదు. మళ్లీ తోమించాడు. మళ్లీ మచ్చలే. చిన్నమ్మ అరికాళ్లు చిట్లేదాకా తోమింది. అయినా అంతే.

నానమ్మను మేం జేజి అనేవాళ్లం. జేజి కొత్తకోడల్ని అదోలా చూడటం మొదలుపెట్టింది. "పిల్ల వెంట జిన్నో దయ్యమో వచ్చినట్టుంది. మనింట్లో ఎప్పుడన్నా ఇట్లా జరిగినాదా?" అని పక్కింటావిడతో అంది. పొద్దుగూకే లోపు ఆ మాట వీధంతా తిరిగింది. చిన్నమ్మ తెచ్చిన నీళ్లు తాగడానికి కూడా జంకారు. చిన్నాయన ఆమెతో మాట్లాడటం మానేశాడు. శుక్రవారం వచ్చి చెల్లెల్ని తీసుకుపొమ్మని ఆమె అన్నకు కబురు వెళ్లింది. అలా పోయిన పిల్లను ఎవరూ తిరిగి పిలవరని నాకు ఆ వయసులోనే తెలుసు.

అసలు సంగతీ నాకు తెలుసు. మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే, తోమి ఆరబెట్టిన గుండిగలోకి దిగి నా ముచ్చట తీర్చుకునేదాన్ని. మడమల పగుళ్లకు జేజి నాకు రోజూ ఆముదం రాసేది. నూనె తగిలిన చోట తగరం పట్టదని కళాయి వేసే ఇంట్లో పిల్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. మొదటి రోజు నిజంగానే మరిచిపోయాను. ఆ తర్వాత తెలిసే దిగాను. ఇన్నేళ్ల తర్వాత కూడా చెప్పడానికి సిగ్గుగా ఉంది, చిన్నమ్మను అందరూ అంటుంటే నాకు హాయిగా ఉండేది.

గురువారం తాతయ్య నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, జిన్ను అంటే ఏందో తెలుసా అని అడిగాడు. పాలు ఒలకబోసేది, నిద్రలో జడలు ముడివేసేది, పాదాలు వెనక్కి తిరిగి ఉండేది అని గడగడా అప్పజెప్పాను. ఆయన నవ్వాడు. మసీదులో విన్నాడట, అరబీలో ఆ మాటకు మూలం కప్పెయ్యడమేనట. తల్లి కడుపులో కనబడని బిడ్డకూ, చెట్లు నేలను కప్పేసిన తోటకూ ఆ మూలంలోంచే పేర్లు పుట్టాయట. పాలూ జడలూ తర్వాత జనం తగిలించినవట.

"కంటికి కనబడకుండా దాక్కునేదానికేనమ్మా ఆ పేరు. మీ చిన్నమ్మ అందరి ఎదురుగా తోమతా ఉంది గదా, ఆమె యాడ దాక్కున్నాది?" అన్నాడు.

ఆయన మచ్చల గుండిగను కాస్త నా వైపు వంచి, లేచి వెళ్లిపోయాడు. ఒక్కో మచ్చా నా మడమంత ఉంది. ఆయనకు తెలిసిపోయిందా, ఊరికే అన్నాడా? ఆ పూటంతా అన్నం తింటూ, నీళ్లు తోడుతూ ఆయన మొహమే చూశాను. ఏమీ తెలియలేదు.

శుక్రవారం చిన్నమ్మ అన్న వచ్చాడు. ఆమె ట్రంకుపెట్టె పట్టుకుని గడప దగ్గర నిలబడింది. ఏడవడం లేదు, అది చూసే నాకు భయమేసింది. తాతయ్య కొలిమి తిత్తి ఊదుతూ తల ఎత్తలేదు. నేను పరుగున వెళ్లి, అందరూ చూస్తుండగా, తోమి పెట్టిన గుండిగలోకి దిగి రెండు చుట్లు తిరిగి బయటికొచ్చాను. "తగరం పుయ్యి తాతా" అన్నాను. పూశాడు. నా పాదాలు పడిన చోటల్లా మచ్చలు తేలాయి. జేజి నన్ను రెండు వాయించింది. తాతయ్య అడ్డం రాలేదు.

పెట్టె మళ్లీ లోపలికి వెళ్లింది. తెలిసి కూడా మీరే ఎందుకు చెప్పలేదని పెద్దయ్యాక తాతయ్యను అడిగాను. "నేను చెప్తే, కోడల్ని కాపాడేదానికి పిల్ల మీదకి తోసినాడంటారు. అనుమానం అట్నే ఉండిపోతాది" అన్నాడు.

చిన్నమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. ఆ ఇంట్లోనే పిల్లల్ని కన్నది, ముసలిదైంది. కానీ పాలు విరిగినా, తాళంచెవి కనబడకపోయినా, ఎవరూ అడగకముందే "నేను కాదు" అనేది. చివరిదాకా అంతే. అందుకే మా ఇంట్లో ఏది పోయినా నేను ఎవరినీ అడగను, నేనే వెతుక్కుంటాను. ఆ మాట ఇంకొకరి నోట వినే ధైర్యం నాకు లేదు.