ఇత్తడి పరిగె

ఎనభైల చివర పటాన్‌చెరులో ఒక చిన్న ఫ్యాక్టరీలో నేను గుమాస్తాను. పోలీసు ఫిర్యాదులు రాయడం కూడా నా పనే. ఆదివారాలు మాత్రం సంగారెడ్డి చర్చావేదికలో దొంగతనం చట్టాన్ని దుమ్ము దులిపేవాణ్ణి. తెల్లదొర రాసిపోయిన చట్టం, ఆకలికీ అత్యాశకూ ఒకటే సెక్షన్, మార్చి తీరాలి! సోమవారం మళ్లీ గేటు దగ్గర అందరి డబ్బాలనూ అనుమానంగా చూసేవాణ్ణి.

ఒక సోమవారం షిఫ్టు దిగేవేళ, షెడ్డు ఊడ్చే ఆమె చేతిలో టిఫిన్ డబ్బా బరువుగా వేలాడుతోంది. తిన్న డబ్బాకు అంత బరువేమిటి? వాచ్‌మన్ కంటే ముందు నేనే అడిగాను.

"మూత తియ్యమ్మా."

లోపల ఇత్తడి పొట్టు. లేత్ మిషన్ల కింద రాలేది.

"దొంగతనం ఎందుకు చేసినవ్?"

"దొంగతనమేంది సారూ? పరిగె ఏరుకున్న. కిందబడ్డదే గద!"

కోతలయ్యాక చేనులో రాలిన వెన్నులను కూలివాళ్లు ఏరుకుంటారు. అది పరిగె. ఆసామి కాదనడు.

వాచ్‌మన్ నవ్వాడు. "ఇత్తడి పండే చేను యాడుందక్కా? జెర మాకు గూడ సూపియ్యి."

"నువ్వు నిలబడ్డదే ఆ చేను. స్టోర్ పటేలును అడుగు."

ఫ్యాక్టరీ కట్టిన భూమి మా స్టోర్‌కీపర్ తండ్రిది. మేనేజరు ఫిర్యాదు రాయమన్నాడు. దొంగతనమని రాస్తే ఆమె జైలుకు పోతుంది. స్టోర్‌కీపర్‌ను పిలిచాను.

"ఈమె మీ చేన్ల పరిగె ఏరేదా పటేలా?"

"ఏరేది. మా నాయిన వద్దనలే."

"మరి ఇది?"

"గది చేను, గిది కంపినీ. నడుమ నన్నెందుకు గుంజుతున్నరు?" అన్నాడు, నా ముఖం చూడకుండా. తప్పించుకోవాలనే ఆ తొందర నాకు నచ్చలేదు.

ఫిర్యాదులో "పరిగెగా ఏరుకున్నది" అని రాశాను. మేనేజరు వేరే ప్రాంతంవాడు.

"పరిగె? ఇది ఏ సెక్షన్ కిందికి వస్తుంది?"

"ఏ సెక్షన్‌లోనూ లేదు సార్. ఆ మాట చట్టానికి తెలియదు."

విసుక్కుని కాగితం చించేశాడు. పోలీసులను పిలవలేదు. రేపటినుంచి ఆమెను పనికి రావద్దన్నాడు.

ఆమె గేటు దగ్గర డబ్బా బోర్లించి, పొట్టంతా దులిపింది.

"జెయిలు తప్పిచ్చినవంటున్నరు సారూ. డబ్బా తెరిపిచ్చిందెవరు?"

వెనుక హారన్ మోగింది. తుక్కు లారీ. టార్పాలిన్ బిగించి ఉంది. డ్రైవర్ పక్కన స్టోర్‌కీపర్. ఆమె డబ్బాలోకి తొంగిచూసిన వాచ్‌మనే పరుగున పోయి గేటు బార్లా తెరిచాడు.

ఆమె లారీని చూసి, నన్ను చూసింది. టార్పాలిన్ విప్పమని నేను అనలేదు.